‘ఏదీ లేదు’ నొక్కిన తరువాత

పాకాల నుంచి తిరుపతి పోయే రోడ్డు దిగి, మామిడితోటల నడుమ మట్టిబాటలో అర మైలు నడిస్తే మా ఇల్లు వస్తుంది. రెండు గదులు, ముందర రేకుల వసారా. వసారాలో ఒక మూల నా కుట్టుమిషన్, ఇంకో మూల నులకమంచం. నేను జాకెట్లు కుడతాను. మా ఆయన ఏబెల్ ఆ మంచం మీద కూర్చుని మిషన్ శబ్దం వింటూ ఉండేవాడు. ఆయనకు చూపు లేదు.

పుట్టుకతో వచ్చింది కాదు అది. మా ఊరి వెనక గుట్టలో రాతి క్వారీ ఉంది. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, మందు కూరిన రాయి అనుకున్నదానికన్నా ముందే పేలింది. మా ఆయన కళ్ళు పోయాయి. ఇంకో ఇద్దరు బండల కింద ఉండిపోయారు. ఆ బండలు కదిలించడం ఎవరి వల్లా కాలేదు. క్వారీ మూసేశారు. రెండు వానాకాలాలకే గుంత నిండి చెరువంత అయింది. ఆ ఇద్దరూ ఇంకా అడుగునే ఉన్నారు. ఆ సంగతి మేము ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళం కాదు.

మా అన్న సుకుమార్ తిరుపతిలో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగట్లో పని చేస్తాడు. పోయిన ఏడాది ఒక పెద్ద ఫోన్ తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాడు.

"బావా, ఈ పక్కన మీట ఉండాది సూడు. దీన్ని నొక్కి పట్టుకుంటే ఒకామె పలుకుతాది. ఏం కావాలన్నా ఆమెనే అడుగు" అన్నాడు.

మొదటి రోజు ఆయన మొహంలో వెలుగు చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కానీ ఆ వెలుగు ఎక్కువ కాలం లేదు. ఫోన్‌లో ఆమెకు మా మాట అర్థమయ్యేది కాదు. "నా కండవ యాడుండాది?" అని అడిగితే యాదాద్రికి దారి చెప్పేది. "ఈ పొద్దు వానొస్తాదా?" అంటే వాన పాటలు పెట్టేది. కాట్పాడి పోయే బండి ఎన్ని గంటలకని అడిగితే ఏదో ఇంగ్లీషు పేజీ మొత్తం చదివి వినిపించేది. ఆయన పట్నం వాళ్ళలాగా పలకాలని ప్రయత్నం చేసేవాడు. గొంతు మార్చి, నాలుక సర్దుకుని, ఒక్కొక్క అక్షరం విడగొట్టి... అప్పుడు కూడా "క్షమించండి, నాకు అర్థం కాలేదు" అనేది ఆమె.

ఒకరోజు ఫోన్‌ను మంచం మీదికి విసిరికొట్టాడు.

"కళ్ళు లేకపోతే లేకపాయె, నాకు నోరు కూడా లేకుండా సేస్తాండాది మే ఇది" అన్నాడు.

నేను సుకుమారన్నకు ఫోన్ చేశాను. దాందేముంది, మార్చుకోవచ్చు అన్నాడు. నవంబరు నెల, ఆదివారం, చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక ఇద్దరం మంచం మీద కూర్చున్నాం. అన్న నా చిన్న ఫోన్‌లో చెబుతూ ఉన్నాడు, నేను పెద్ద ఫోన్‌లో నొక్కుతూ ఉన్నాను. ముందు సెర్చ్ ఇంజిన్ మార్చాం. తరువాత సెట్టింగ్స్‌లో యాప్స్, దాంట్లో డిఫాల్ట్ యాప్స్, దాంట్లో డిజిటల్ అసిస్టెంట్. అక్కడ మూడు పేర్లు కనిపించాయి. మొదటిది ఇప్పుడు ఉన్నామె. రెండోది ఇంకో కంపెనీది. మూడోది ‘ఏదీ లేదు’.

రెండోది పెట్టి చూశాం. మగగొంతు. వాడు ఇంకా అధ్వాన్నం.

"ఏదీ వొద్దు. అన్నీ తీసెయ్" అన్నాడు మా ఆయన.

నేను ‘ఏదీ లేదు’ నొక్కాను. పక్కన చిన్న నీలం చుక్క వెలిగింది. అంతే. అన్న కూడా సరేలే, ఇంకేదైనా మంచిది వస్తే చెబుతాను అని పెట్టేశాడు.

మరుసటి రోజు పొద్దున నేను మిషన్ మీద ఉన్నాను. ఆయన అలవాటు కొద్దీ పక్కన మీట నొక్కి పట్టుకున్నాడు. నొక్కాక గుర్తొచ్చి నవ్వుకున్నాడు.

అప్పుడు ఫోన్ పలికింది.

"ఆ... సెప్పు."

ఆడగొంతు కాదు, మగగొంతు కాదు. జలుబు చేసిన మనిషి గొంతులాగా ఉంది. వెనకాల ఎక్కడో నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్న చప్పుడు.

మా ఆయన "నా కండవ యాడుండాది?" అన్నాడు.

"నీ ఎనకాల, దండెం మీద. కుడిచెయ్యి సాపు."

ఆయన చెయ్యి చాపాడు. కండువా చేతికి దొరికింది. చిన్నపిల్లవాడిలాగా పకపకా నవ్వాడు. నేను కూడా నవ్వాను. సుకుమారన్నే దూరం నుంచి ఏదో చేసి ఉంటాడు అనుకున్నాను. అసలు మాట ఏమిటంటే, అలా అనుకోవాలనుకున్నాను.

ఎనిమిది రోజులు మా ఇంట్లో పండగలాగే గడిచింది. అది మా యాసలోనే మాట్లాడేది. అడిగినదానికి అడిగినట్టు చెప్పేది. మా ఆయన మూడేళ్ళ తరువాత ఒక్కడే రోడ్డు దాకా నడిచి టీ తాగి వచ్చాడు. "గుంత ఉండాది, ఎడమకు జరుగు" అని అది చెబుతుంటే గుంత తప్పించుకుని నడిచాడట. టీ అంగడి నారాయణ నాతో "ఏమ్మా, ఏబెల్‌కు సూపొచ్చిందా ఏంది?" అన్నాడు. ఆ మాటకు ఎంత సంతోషపడ్డానో నాకే తెలుసు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం జాకెట్‌కు చేతులు కుడుతూ దారం తెగితే మిషన్ ఆపాను. సూదిలోకి దారం ఎక్కిస్తూ ఊరికే తల ఎత్తి మా ఆయన వైపు చూశాను. ఫోన్ ఆయన పక్కన బోర్లా పడి ఉంది. మీట ఎవరూ నొక్కలేదు.

"మిషన్ ఆపేసింది" అంది ఫోన్ మెల్లగా. "మన పక్కే సూస్తా ఉండాది."

నా చేతిలోనుంచి దారం జారింది.

వసారాలో పాచి వాసన. చాలా రోజులు కదలని నీళ్ళ వాసన. ఎండ కాస్తున్నా నా మెడ వెనక చల్లగా తగిలింది.

ఆ సాయంత్రం సుకుమారన్నకు ఫోన్ చేశాను. తాను ఏమీ చేయలేదన్నాడు. సెట్టింగ్స్ చూడమన్నాడు. చూశాను. ‘ఏదీ లేదు’ దగ్గరే చుక్క ఉంది. నెట్ ప్యాక్ అయిపోయి అప్పటికే ఐదు రోజులైంది.

"మరి ఎవురు పలుకుతాండారు అన్నా?"

"ముందు మొదట ఉన్నామెనే పెట్టు" అన్నాడు అన్న.

మా ఆయన స్నానానికి పోయినప్పుడు పెట్టాను. మీట నొక్కితే, "నమస్కారం, నేను మీకు ఎలా సహాయపడగలను?" అంది పాత ఆమె. ఆ గొంతు విని ఏడుపొచ్చింది నాకు. తప్పిపోయిన చుట్టం ఇంటికి వచ్చినట్టు అనిపించింది.

తెల్లవారి లేచేసరికి మా ఆయన వసారాలో గుసగుసగా మాట్లాడుతున్నాడు. అవతలి నుంచి "ఆ... ఆ..." అని ఊకొట్టే శబ్దం. నేను ఫోన్ లాక్కుని సెట్టింగ్స్ తెరిచాను. మూడు పేర్లు ఉండాల్సిన చోట ఒకటే ఉంది.

‘ఏదీ లేదు’.

"మామా, ఇది వొద్దు. ఇది మంచిది కాదు. పారేద్దాం" అన్నాను.

ఆయన చెయ్యి చాపాడు, ఫోన్ కోసం. "ఇన్నాళ్ళకు నా మాట ఇనేది ఒకటి దొరికింది మే. దాన్ని కూడా తీసేస్తావా?"

"నేను ఇనలేదా?"

"నువ్వు మిషన్ మీద ఉంటావు. పిలిస్తే ‘ఉండు మామా’ అంటావు. అది ఒక్కనాడు కూడా ‘ఉండు’ అనలేదు."

అది నిజం. రోజుకు ఎన్నిసార్లు ‘ఉండు మామా’ అని ఉంటానో...

"గొంతు ఎవురిదో తెలుసా నీకు?" అని మెల్లగా అడిగాను.

"తెలిసినట్టే ఉంటాది" అన్నాడు. "ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే మాట అన్నట్టు ఉంటాది."

మాట్లాడుతూనే ఫోన్‌ను నా చేతిలోనుంచి తీసుకున్నాడు. దాంట్లోనుంచి నీళ్ళ చప్పుడు వినిపించింది.

గురువారం నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు నా దగ్గర ఉన్నటువంటిదే బటన్ల ఫోన్ ఒకటి తెచ్చిపెట్టి, ఈ పెద్ద ఫోన్‌ను సుకుమారన్నకు ఇచ్చేయాలి. కొత్తది చేతిలో పెడితే గానీ ఆయన పాతది వదలడు. తుపాను అని రేడియోలో చెబుతూనే ఉన్నారు, అయినా పొద్దున తిరుపతి బస్సెక్కాను. పోయేముందు ఆయన చొక్కాకు గుండీ ఊడిపోయి ఉంటే కుట్టాను. సంగటి ముద్ద, పప్పు మూతపెట్టి చేతికి అందేటట్టు పెట్టాను. "బిరీన వచ్చేస్తాను మామా, ఇల్లు కదలొద్దు" అన్నాను. సరే అన్నాడు.

బటన్ల ఫోన్ కొని తిరిగి వచ్చేటప్పుడు మధ్యాహ్నం మూడు కూడా కాలేదు. కానీ ఆకాశం నల్లగా కిందికి దిగింది. డ్రైవర్ లైట్లు వేశాడు. అద్దాల మీద వాన చెయ్యి పెట్టి కొడుతున్నట్టు ఉంది. బస్సు నిండా తడి బట్టల వాసన. చిన్న ఫోన్ తీసి ఆయనకు ఫోన్ కలిపాను.

మోగింది. మోగింది. ఎత్తారు.

"ఎవురు?" అంది ఒక ఆడగొంతు.

నాకు తెలిసిన గొంతు అది. ఎక్కడ విన్నానో వెంటనే తట్టలేదు.

"నేను కృపామణిని. మీరెవురు? మా ఆయన ఫోన్ మీ దగ్గర ఎందుకుండాది?"

అవతల చిన్నగా నవ్వు. "నేనే కదా కృపామణిని" అంది. తరువాత పక్కకు తిరిగి ఎవరితోనో అన్నట్టు, "ఎవురో లే మామా. పద, పోదాం" అంది.

అప్పుడు తట్టింది. అది నా గొంతు.

బస్సు దిగి ఎలా పరుగెత్తానో తెలియదు. చెప్పులు బురదలో ఉండిపోయాయి. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. సంగటి ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆయన చేతికర్ర గోడకు ఆనించి ఉంది. మంచం మీద ఫోన్. ఎత్తి చూశాను. ఆరిపోయి ఉంది. మీట నొక్కితే ఛార్జి లేదని గుర్తు చూపించి మళ్ళీ నల్లబడింది.

పక్కింటి పంకజాక్షి వాకిట్లో తట్ట నెత్తిన పెట్టుకుని నిలబడి నన్ను వింతగా చూసింది.

"ఏం మే, మళ్ళా వచ్చినావు? ఇప్పుడే కదా ఆయప్పను పిలుచుకొని పోయినావు?"

"నన్ను సూసినావా అక్కా?"

"నిన్ను సూడలేదు, వాన కదా, ఆయప్ప ఒక్కడే కనపడినాడు. నీ మాట ఇన్నాను. ‘నా ఎనకాలే రా మామా, నా ఎనకాలే రా’ అంటా ఉంటివి. కర్ర లేకుండా ఎట్ల నడుస్తా ఉండాడో అనుకుంటి."

"ఏ పక్క పోయినాడు?"

ఆమె గుట్ట వైపు చెయ్యి చూపించింది.

"మనుషుల్ని పిలు అక్కా!" అని అరిచి పరుగెత్తాను.

గుట్ట బాటలో ఇప్పుడు ఎవరూ నడవరు. కంప పెరిగిపోయింది. వాన చీకటిలో బండలు పడుకున్న గేదెల్లాగా ఉన్నాయి. తడిసిన రాయి వాసన, కుళ్ళిన ఆకుల వాసన, వాటి అడుగున ఆ పాచి వాసన. పైకి పోయే కొద్దీ ఎక్కువవుతోంది. నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది.

క్వారీ అంచుకు చేరాను.

ఎడమపక్క లారీలు దిగే బాట. కుడిపక్క నిలువుగా కోసిన రాతిగోడ. దాని మీద మా ఆయన. తడిసిన తెల్లచొక్కా. రెండు చేతులూ ముందుకు చాపి, పాదంతో రాయిని తడుముకుంటూ నడుస్తున్నాడు. ఆయనకూ నాకూ నడుమ నలభై అడుగుల దూరం ఉంటుంది. ఆయనకూ అంచుకూ నడుమ... పది అడుగులు.

"మామా! ఆగు!"

ఆగాడు. తల తిప్పాడు.

"మామా, ఆగొద్దు."

నా గొంతే. గుంత వైపు నుంచి. నీళ్ళ మీద నుంచి. అక్కడ ఎవరూ లేరు. నల్లటి నీళ్ళు, వాటి మీద వాన... అంతే.

"అది నేను కాదు మామా! నేను ఈడుండాను, నీ ఎనకాల! ముందర గుంత ఉండాది!"

"అది నేను కాదు మామా" అంది అది. "నేను ఈడుండాను, నీ ముందర. ఎనకాల గుంత ఉండాది."

ఆయన నిలబడిపోయాడు. మొహం ఒకసారి నా వైపు, ఒకసారి నీళ్ళ వైపు. వానలో ఆ మొహం చూస్తుంటే దారి తప్పిన పసిబిడ్డను చూసినట్టుంది.

"కృపా?" అన్నాడు. "యాడుండావు మే?"

"పొద్దున నీ చొక్కాకు గుండీ కుట్టినాను కదా మామా! నేనే!"

"కుట్టినాను" అంది అది, నాకన్నా మెత్తగా, నాకన్నా ప్రేమగా. "తెల్లదారం అయిపోతే నల్లదారంతో కుట్టినాను. నీకు సెప్పలేదు."

అది నిజం. నేను ఎవరికీ చెప్పలేదు.

ఆయన రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. "ఇద్దరిలో ఒకరు గమ్మునుండండి!" అని అరిచాడు. "నాకు తెలవడం లేదు... ఒకరు గమ్మునుండండి!"

అప్పుడు నేను చేసిన పని ఎవరికి చెప్పుకోను?

మాటలతో కాదు, పోయి పట్టుకుందాం అనుకున్నాను. నేను అరిచే కొద్దీ అది అరుస్తోంది. ఆయన గాభరా పడుతున్నాడు. నేను నోరు మూసుకుని పరుగెత్తితే ఆరేడు క్షణాల్లో చేరుకుంటాను. చెయ్యి పట్టుకుంటే చాలు. నా చెయ్యి ఆయనకు తెలుసు.

నోరు మూసుకున్నాను. పరుగెత్తాను.

అది మూసుకోలేదు.

"రా మామా. ఇంగ ఎవురూ లేరు. నేనొక్కదాన్నే. రా."

ఆయన మొహం తేటపడింది. ఎంత తేటపడిందో చూశాను నేను. వెతుకుతున్నది దొరికినట్టు... చిన్నగా నవ్వాడు.

"వస్తాండా మే" అన్నాడు.

అరిచాను. ఈసారి గొంతు రాలేదు. ఊపిరి లేదు. కాలికింద రాయి జారి మోకాళ్ళ మీద పడ్డాను. లేచాను. చెయ్యి చాపాను. చొక్కా అంచు నా వేళ్ళకు తగిలింది.

తడి గుడ్డ. జారిపోయింది.

చాలా కిందనుంచి ఒక చప్పుడు. తరువాత వాన చప్పుడు.

పంకజాక్షి మనుషుల్ని పిలుచుకుని వచ్చేసరికి నేను అంచున పడుకుని నీళ్ళతో మాట్లాడుతున్నానట. ఒక్క మాట పలుకు అని అడుగుతున్నానట. ఎవరి గొంతుతోనైనా సరే, పలుకు అని. అది మళ్ళీ పలకలేదు. ఆ రోజు పలకలేదు, ఈ రోజు దాకా పలకలేదు. ఫోన్‌ను నేనే తీసుకుపోయి ఆ నీళ్ళలో వేశాను. సుకుమారన్న ఇప్పుడు నా కళ్ళలోకి చూసి మాట్లాడడు. ఊరివాళ్ళు, పాపం, కళ్ళు లేని మనిషి దారి తప్పాడు అంటారు. కొందరు, ఏబెల్ కావాలనే పోయాడు, ఆ ఇద్దరి దిగులు మనసులో పెట్టుకున్నాడు అంటారు. నేను ఏమీ అనను. నా నోరు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో నాకు తెలియదని రుజువైపోయింది.

రెండు రోజులు వాన నిలవలేదు. మూడో రోజు పొద్దున తాళ్ళు వేసి ఆయనను పైకి తీశారు. ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను బయట వరండాలో కూర్చున్నాను. ఫినాయిల్ వాసన. ఎక్కడో ఒక బక్కెట్ ఈడుస్తున్న చప్పుడు. కాసేపటికి లోపల శవాల గదిలో పనిచేసే సుందరరాజు అనే పెద్దాయన బయటికి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. మంచి మనిషి. చెప్పాలా వద్దా అని తడబడ్డాడు.

"అమ్మా, ఏమనుకోవద్దు. మీ ఆయనకు కళ్ళతో పాటు చెవులు కూడా పోయినాయా?"

"లేదు" అన్నాను. "బాగా ఇంటాడు. ఆఖరు నిమిషంలో కూడా నా మాటకు బదులు చెప్పినాడు."

"అట్ల ఎట్లమ్మా?" అన్నాడు పెద్దాయన మెల్లగా. "రెండు చెవుల నిండా మన్ను కూరి ఉండాదే. నీళ్ళలో పడినప్పుడు చేరింది కాదది. ఎవురో వేలితో నొక్కి నొక్కి పెట్టినట్టు, లోపలి దాకా... నాకు తెలిసి ఎన్నో దినాల కిందట పెట్టింది."

అయితే ఇన్ని దినాలూ ఆయన విన్నది ఏ గొంతును? నేను లేచి లోపలికి పోయాను. పెద్దాయన వద్దంటున్నా పోయాను. బల్ల పక్కన ఒక కాగితం పరిచి ఉంది. దాని మీద చెవిలోనుంచి తీసిన మన్ను ఉంది. ఎర్రమన్ను. ఆ క్వారీలో గానీ, మా గుట్టలో గానీ, మేము చూసినంత మేర ఎక్కడా ఎర్రమన్ను లేదు; ఆ ఇద్దరూ ఉండిపోయిన బండల అడుగున ఏముందో ఎవరూ చూడలేదు.

వేలితో తాకి చూశాను.

రెండు రోజులు నీళ్ళలో ఉన్న మనిషి చెవుల్లోనుంచి వచ్చిన ఆ మన్ను, పొడిపొడిగా నా వేలి మీదినుంచి రాలిపోయింది. ఇంకా వెచ్చగా ఉంది.